దస్తావేజుల చిత్రాలు సగం వరకే కనిపిస్తున్నాయి: ఫైళ్లను డేటాబేస్ కాలమ్‌లోనే ఉంచాలా, ఫోల్డర్‌లోకి మార్చాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. పాత దస్తావేజులను స్కాన్ చేసి భద్రపరచి, ఆయా కుటుంబాల వారు అడిగినప్పుడు ప్రతి తీసి ఇచ్చే ఒక చిన్న కార్యాలయంలో నేను నాలుగేళ్లుగా కంప్యూటర్ పనులు చూస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకూ మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, ఇక్కడి ఇళ్లలో తాతల నాటి క్రయ దస్తావేజులు, భాగపరిష్కార పత్రాలు తెలుగులో ఉన్నవి చాలా కనిపిస్తాయి. మా దగ్గర సుమారు 11 వేల దస్తావేజుల చిత్రాలు ఉన్నాయి. అన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో, ఒకే టేబుల్‌లో, ఫైళ్ల వంటి బైనరీ సమాచారం దాచే బ్లాబ్ రకం కాలమ్‌లో ఉన్నాయి. ఆ ఏర్పాటు నాకన్నా ముందు పనిచేసిన వారు చేసినది.

పోయిన వారం ఒక పెద్దాయన తన తండ్రి కొన్న భూమి దస్తావేజు ప్రతి కావాలని వచ్చారు. చిత్రం తెరిస్తే పై సగం చక్కగా ఉంది, కింది సగమంతా బూడిద రంగు. దస్తావేజులో అసలు ముఖ్యమైనవన్నీ కిందనే ఉంటాయని మీకు తెలుసు: నాలుగు హద్దులు, సాక్షుల సంతకాలు, వేలిముద్రలు, రిజిస్ట్రారు ముద్ర. కంగారుపడి ఇంకో ముప్పై చిత్రాలు తెరిచి చూశాను. తొమ్మిదింటికి ఇదే గతి. ఆ తొమ్మిదింటి పరిమాణమూ అచ్చంగా 65,535 బైట్లే ఉంది. జాబితాలో కనిపించే చిన్న ప్రతులు మాత్రం బాగానే ఉన్నందువల్ల ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

కాగితాలు ఎప్పుడో ఇళ్లకు తిరిగి ఇచ్చేశాము. ఈ చిత్రాలను బాగుచేసే మార్గం ఉందా? ఇకమీదట వీటిని డేటాబేస్‌లోనే ఉంచడం మంచిదా, లేక ఫోల్డర్‌లో పెట్టి, ఫైలు ఎక్కడుందో చెప్పే దారి మాత్రం డేటాబేస్‌లో రాసుకోవడం మంచిదా?

రుషికుల్య (బరంపురం)

మహేంద్రతనయ గారూ, ఆ 65,535 అనే సంఖ్యలోనే కారణం ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో బ్లాబ్ అనే పేరుతో నాలుగు రకాలు ఉన్నాయి. టైనీబ్లాబ్‌లో 255 బైట్లు, ఉత్త బ్లాబ్‌లో 65,535 బైట్లు, మీడియంబ్లాబ్‌లో సుమారు 16 ఎంబీ, లాంగ్‌బ్లాబ్‌లో సుమారు 4 జీబీ పడతాయి. బ్లాబ్ అనే మాటలోనే పెద్ద వస్తువు అనే అర్థం ఉంది కనుక ఎంత పెద్ద ఫైలైనా పడుతుందని అనుకుని, మీకు ముందున్న వారు ఉత్త బ్లాబ్‌ను ఎంచుకుని ఉంటారు.

అయితే పట్టనప్పుడు డేటాబేస్ తప్పు చూపించి ఆగిపోవాలి కదా అని మీరు అడగవచ్చు. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే అలాగే ఆగుతుంది. అది లేకపోతే పట్టినంత వరకు దాచి, మిగిలినది కత్తిరించి, ఒక హెచ్చరిక మాత్రం ఇస్తుంది. ఆ హెచ్చరికను ప్రోగ్రాము చదవకపోతే పని సవ్యంగా జరిగిందనే అనుకుంటుంది. 5.7 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్ ముందుగానే అమలులో ఉంటుంది, కానీ పాత కాన్ఫిగరేషన్ ఫైలును అలాగే తెచ్చుకున్న చోట్ల అది ఆగిపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను. మీ సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఉందో లేదో చూపే ఎస్‌క్యూఎల్ మోడ్ విలువ ఏమిటో ముందు చూడండి.

చిత్రం పై సగం ఎందుకు కనిపిస్తోందంటే, మామూలు జేపెగ్ ఫైలు పై వరుసల నుంచి కిందికి రాయబడుతుంది. కత్తిరింపు పడిన చోటి వరకు చూపించి, ఆ తరువాత చూపడానికి ఏమీ లేక బూడిద రంగు నింపుతారు.

ముందుగా పొడవు సరిగ్గా 65,535 ఉన్న వరుసలన్నింటినీ లెక్కించండి. దానితోపాటు ప్రతి చిత్రం చివరి రెండు బైట్లు జేపెగ్ ముగింపు గుర్తైన ఎఫ్‌ఎఫ్ డి9 అవునో కాదో చూడండి, ఇంకే కారణం వల్లనైనా తెగిన ఫైళ్లు ఉంటే అందులో బయటపడతాయి. ఈ రోజే కాలమ్‌ను మీడియంబ్లాబ్‌గా మార్చి, స్ట్రిక్ట్ మోడ్ పెట్టండి. అది రేపటి నష్టాన్ని ఆపుతుంది. జరిగిన నష్టం మాత్రం దానితో తీరదు, ఎందుకంటే కత్తిరించిన భాగం ఆ టేబుల్‌లో ఎప్పుడూ చేరలేదు. మీ బ్యాకప్‌లన్నీ కూడా సగం చిత్రాలనే భద్రంగా దాచి ఉంటాయి.

నాగావళి (రాయగడ)

రుషికుల్య గారు రోగాన్ని సరిగ్గా పట్టారు. రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: చిత్రాలను డేటాబేస్‌లో పెట్టకండి. నేను ఒక వైద్య స్కానింగ్ కేంద్రానికి ఇలాంటి ఏర్పాటే చేసి, రెండేళ్లు బాధపడి, చివరికి అంతా బయటికి తీశాను.

మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ కనిపించదు. ఆ తరువాత టేబుల్ పెరుగుతున్న కొద్దీ రాత్రి మొదలుపెట్టిన బ్యాకప్ ఉదయం రోగులు వచ్చే వేళకు కూడా పూర్తి కాదు. నిన్నటికీ ఈ రోజుకూ మధ్య చేరినవి నలభై చిత్రాలే అయినా, డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసే బ్యాకప్) తీసిన ప్రతిసారీ మొత్తం చిత్రాలన్నింటినీ మళ్లీ రాయవలసిందే. ఫోల్డర్‌లో ఉంటే ఆ నలభై ఫైళ్లను మాత్రం కాపీ చేసి ఊరుకోవచ్చు. ఇంకొక నష్టం కంటికి కనిపించదు. డేటాబేస్ తరచూ చదివే పేజీలను మెమరీలో ఉంచుకుంటుంది. ఎవరో ఒకరు పెద్ద చిత్రాలు వరుసగా తెరిచినప్పుడు వాటి పేజీలు వచ్చి, బిల్లులు, పేర్లు, తేదీలు ఉన్న పేజీలను బయటికి నెట్టేస్తాయి. దానితో చిత్రాలతో సంబంధం లేని పనులు కూడా నెమ్మదిస్తాయి. అన్ని కాలమ్‌లూ కావాలని స్టార్ పెట్టి రాసిన ఒక్క క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే వాక్యం) చాలు, పేర్ల జాబితా కోసం వందల చిత్రాలు నెట్‌వర్క్ మీదుగా ప్రయాణం చేస్తాయి.

పాతవి తొలగిస్తే చోటు వస్తుందనుకున్నాను, రాలేదు. మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను దాచే ఇన్నోడీబీలో వరుసలు తొలగించినా డిస్కు మీది ఫైలు చిన్నది కాదు. ఆ ఖాళీ లోపలే ఉండి తరువాతి వరుసలకు ఉపయోగపడుతుంది. ఫైలు తగ్గాలంటే టేబుల్‌ను పూర్తిగా తిరిగి కట్టాలి, అందుకు దాదాపు అంతే చోటు అదనంగా కావాలి. డిస్కు నిండి తొలగించడం మొదలుపెట్టిన వాడి దగ్గర ఆ చోటు ఎక్కడ ఉంటుంది?

వంశధార (గుణుపురం)

నాగావళి గారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఫోల్డర్ పద్ధతిలో జరిగే నష్టాన్ని కూడా మహేంద్రతనయ గారి ముందు ఉంచాలి. నేను పాఠం చెప్పే వాణ్ని. ఒక కళాశాలలో ప్రవేశాల సమయంలో విద్యార్థుల ధ్రువపత్రాలు ఫోల్డర్‌లో, వాటి దారులు డేటాబేస్‌లో ఉంచిన ఏర్పాటును కొన్నాళ్లు నేనే నడిపాను.

అక్కడ డిస్కు పాడైంది. డేటాబేస్ బ్యాకప్ ముందు రాత్రిది దొరికింది, ఫోల్డర్ బ్యాకప్ మాత్రం ఎనిమిది రోజుల వెనకటిది. ఆ ఎనిమిది రోజుల్లో చేరిన విద్యార్థుల పేర్లు ఉన్నాయి, మార్కులు ఉన్నాయి, ధ్రువపత్రాలు లేవు. రెండు బ్యాకప్‌లు రెండు వేర్వేరు క్షణాలకు చెందినవైతే, తిరిగి నిలబెట్టిన వ్యవస్థ ఏ క్షణానికీ చెందనిదవుతుంది. పైగా దారులన్నీ డి డ్రైవ్ అక్షరంతో సహా పూర్తిగా రాసి ఉన్నాయి. కొత్త యంత్రంలో ఆ డ్రైవ్ లేదు.

డేటాబేస్‌లో ఉంచితే వరుస, చిత్రం ఒకే ట్రాన్సాక్షన్‌లో చేరతాయి; చేరితే రెండూ చేరతాయి, లేకపోతే రెండూ చేరవు. ఫోల్డర్‌లో ఆ హామీని మనమే కట్టుకోవాలి. ముందు ఫైలును తాత్కాలిక పేరుతో రాయాలి, అది డిస్కు మీదికి నిజంగా చేరేలా సింక్ చేయాలి, అసలు పేరుకు మార్చాలి, ఆ తరువాతే డేటాబేస్‌లో వరుస చేర్చాలి. తొలగించేటప్పుడు క్రమం తిరగబడుతుంది: ముందు వరుస, తరువాత ఫైలు. ఈ క్రమం పాటిస్తే మధ్యలో కరెంటు పోయినా మిగిలేది ఎవరికీ చెందని ఒక ఫైలు మాత్రమే, అది చోటు తింటుంది తప్ప హాని చేయదు. క్రమం తప్పితే మాత్రం ఫైలు లేని వరుస మిగులుతుంది. మా జిల్లాల్లో కరెంటు సంగతి మీ అందరికీ తెలుసు కనుక, దీన్ని ఎప్పుడో జరిగే సంగతిగా తీసుకోవద్దని నా మనవి.

వార్ధా తీరం (బల్లార్‌పూర్)

పరిమాణం మాట ఎత్తకుండా ఈ రెండు పక్షాల వాదన ముందుకు సాగదని నేను అనుకుంటున్నాను. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం తరఫున రసెల్ సియర్స్, కేథరిన్ వాన్ ఇంగెన్, జిమ్ గ్రే ఇదే ప్రశ్నను మైక్రోసాఫ్ట్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్, విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ల మీద కొలిచి చూశారు. 256 కేబీ కన్నా చిన్న వస్తువులకు డేటాబేస్ మేలని, 1 ఎంబీ దాటిన వాటికి ఫైల్ సిస్టమ్ మేలని, మధ్యలో ఉన్నవాటికి వాటిని ఎంత తరచుగా మార్చి రాస్తామన్న దాన్ని బట్టి ఉంటుందని తేల్చారు. ఆనాటి డిస్కులు వేరు, ఈనాటివి వేరు. ఆ అంకెలను శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు. కానీ చిన్నవి, పెద్దవి వేర్వేరుగా ప్రవర్తిస్తాయన్న మాట నేటికీ చెల్లుతుంది. చిన్న ఫైలును తెరవడం, మూయడం అనే పనికే ఎక్కువ సమయం పోతుంది. పెద్ద ఫైలులో ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

మా కార్యాలయంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎక్స్‌ప్రెస్ వెర్షన్ వాడేవాళ్లం. 2008 ఆర్2 నుంచి 2022 వెర్షన్ వరకు దానిలో ఒక డేటాబేస్‌కు 10 జీబీ హద్దు ఉండేది. బ్లాబ్ లాంటిదే అయిన వార్‌బైనరీ మ్యాక్స్ కాలమ్‌లో ఒక్కో విలువకు 2 జీబీ వరకు అనుమతి ఉన్నా, మొత్తం ఆ 10 జీబీలోనే సర్దుకోవలసి వచ్చేది. 2008లో వచ్చిన ఫైల్‌స్ట్రీమ్ పద్ధతిలో ఫైలు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫోల్డర్‌లో ఉంటుంది, అయినా ట్రాన్సాక్షన్‌లోనూ బ్యాకప్‌లోనూ డేటాబేస్‌తో కలిసి నడుస్తుంది, ఆ హద్దు లెక్కలోకి కూడా రాదు. వంశధార గారు చేత్తో కట్టుకోవాలన్న హామీని అక్కడ సర్వరే ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో అలాంటిది లేదు.

మహేంద్రతనయ గారూ, మీ చిత్రాలు ఒక్కొక్కటి ఎంత ఉంటాయి? బ్యాకప్ ఎవరు తీస్తారు, తిరిగి ఎవరు ఎక్కిస్తారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. రుషికుల్య గారు చెప్పినట్లే ఎస్‌క్యూఎల్ మోడ్ ఖాళీగా ఉంది, 5.6 నుంచి 5.7కు మారినప్పుడు పాత కాన్ఫిగరేషన్ ఫైలునే తెచ్చుకున్నాము. 65,535 పొడవున్న వరుసలు 1,412 వచ్చాయి. మొదటిది పాత స్కానర్ తీసేసి రంగుల స్కానర్ తెచ్చిన నెలలోనిది. పాత స్కానర్ నలుపు తెలుపులో 40 నుంచి 60 కేబీ చిత్రాలు ఇచ్చేది కనుక అవి హద్దు లోపలే ఉండిపోయాయి. కొత్తదానితో తీసిన ఒక్కో జేపెగ్ 120 కేబీ నుంచి 400 కేబీ వరకు ఉంటుంది. స్కానర్ మొదట ఇచ్చేది టిఫ్ ఫైలు. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో తీస్తే కుదించని ఫైలు దాదాపు 26 ఎంబీ వస్తుంది కాబట్టి, డిస్కు సరిపోక వాటిని అప్పటికప్పుడే తొలగించేవారు. ఆ తొలగింపు ఇప్పుడు నన్ను బాధిస్తోంది.

వార్ధా తీరం గారి రెండో ప్రశ్నకు కొంచెం వివరంగా చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో ఇక్కడి వారందరికీ గుర్తుంటుంది. అప్పటికి నేను ఈ కార్యాలయంలో లేను. పైకప్పు లేచిపోయి కంప్యూటర్ తడిసి పాడైతే, యజమాని ఇంటికి తీసుకువెళ్లిన ఒక్క డిస్కులోని ఒక్క డంప్ ఫైలు నుంచి దస్తావేజులన్నీ తిరిగి వచ్చాయట. అందుకే ఒకే ఫైలు చేతిలో ఉంటే అంతా తిరిగి రావాలన్నది ఆయన పట్టుదల. ఫోల్డర్‌లు, దారులు అంటే ఆయనకు నమ్మకం లేదు. ఆ నమ్మకం లేకపోవడం అనుభవం నుంచి వచ్చినది కనుక నేను తేలికగా తీసిపారేయలేను.

రెండో కంప్యూటర్‌కు రెప్లికేషన్ (ఇక్కడి మార్పులన్నీ అక్కడికీ పంపే ఏర్పాటు) కూడా కొన్నాళ్లు నడిచింది. 5.6 ఉన్న కాలంలోనే ఆ యంత్రం పాడై, దాన్ని ఆపేశారు.

రుషికుల్య (బరంపురం)

ఆ రెండో కంప్యూటర్ మాట చదవగానే మిగతా చర్చంతా పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. రెప్లికేషన్ నడిచిందంటే మొదటి యంత్రంలో మార్పులన్నీ నమోదయ్యే బైనరీ లాగ్ రాయబడింది. 5.6లో ఆ లాగ్‌కు ముందుగా ఉండే పద్ధతి స్టేట్‌మెంట్ పద్ధతి. అంటే టేబుల్‌లో చివరికి ఏమి చేరిందో కాక, ప్రోగ్రాము పంపిన ఇన్సర్ట్ వాక్యం ఎలా వచ్చిందో అలాగే లాగ్‌లో ఉంటుంది. కత్తిరింపు జరిగేది టేబుల్‌లోకి చేర్చే దగ్గర. కాబట్టి ఆ వాక్యంలో మీ చిత్రం పూర్తిగా ఉండవలసిందే. 5.7.7 నుంచి మారిన రో పద్ధతిలో అయితే కత్తిరించిన విలువే లాగ్‌కు వెళ్లి ఉండేది. మీ రెప్లికేషన్ 5.6 కాలంలో నడవడం అదృష్టం. ఆ లాగ్‌లను తమంతట తాము తొలగించే గడువు కూడా ఆ వెర్షన్‌లలో ముందుగా పెట్టి ఉండదు, ఎవరూ చేత్తో తొలగించకపోతే ఇంకా అక్కడే ఉంటాయి.

ఇప్పుడు దయచేసి ఆ సర్వర్‌లో దేనినీ శుభ్రం చేయకండి. ముందు లాగ్ ఫైళ్లన్నింటినీ వేరే డిస్కుకు కాపీ చేయండి. ఇంకొక కంప్యూటర్‌లో ఖాళీ మైఎస్‌క్యూఎల్ ఎక్కించి, అదే పేరుతో డేటాబేస్, అదే టేబుల్ తయారుచేసి, చిత్రం కాలమ్‌ను మాత్రం మీడియంబ్లాబ్‌గా పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ పరికరంతో లాగ్‌ను చదివి, ఆ వాక్యాలను అక్కడ నడిపించండి. చిత్రాల్లో సున్నా బైట్లు ఉంటాయి కనుక, నడిపించే క్లయింట్‌కు బైనరీ మోడ్ ఆప్షన్ తప్పక ఇవ్వాలి, లేకపోతే మధ్యలో తప్పు వచ్చి ఆగుతుంది. అసలు సర్వర్ మీద ఈ ప్రయోగం చేయవద్దు.

ప్రాణహిత (సిరొంచ)

ఆ లాగ్‌ల ఫలితం కోసం నేనూ ఎదురుచూస్తాను. ఒకే ఫైలు కావాలన్న యజమాని పట్టుదల గురించి నాకు చెప్పవలసిన మాట ఉంది, ఎందుకంటే మా పని అంతా దాని మీదే నడుస్తోంది. గడ్చిరోలీ అడవుల్లో సిగ్నల్ లేని ఊళ్లలో మా వాళ్లు ట్యాబ్‌లలో వివరాలు, ఫోటోలు నమోదు చేస్తారు. ట్యాబ్‌లో ఒకే ఫైలుగా ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్, ఫోటోలు కూడా అందులోనే. సాయంత్రం సిరొంచకు వచ్చాక ఒక్కో ట్యాబ్ నుంచి ఒక్క ఫైలు తీసుకుంటే చాలు, ఏ ఫోటో ఏ ఇంటిదన్న తికమక ఉండదు. ఎస్‌క్యూలైట్ తయారీదారులు కొలిచి చెప్పిన దాని ప్రకారం 10 కేబీ వంటి చిన్న బ్లాబ్‌లను విడి ఫైళ్లుగా చదవడం కన్నా డేటాబేస్ నుంచి చదవడమే సుమారు 35 శాతం వేగం. 100 కేబీ దాటితే విడి ఫైళ్ల వైపు మొగ్గాలని కూడా వారే చెబుతారు. మేము ఫోటోలను 80 కేబీకి కుదించి పెడతాము.

ఒక్క జాగ్రత్త. నడుస్తున్న ఎస్‌క్యూలైట్ ఫైలును మామూలుగా కాపీ చేయకూడదు. వాల్ పద్ధతిలో కొత్త మార్పులు పక్కనున్న ఇంకో ఫైలులో ఉంటాయి, అది రాకుండా ఇది వస్తే ఆ రోజు పని పోతుంది. బ్యాకప్ ఆదేశం గానీ, 2019లో 3.27 వెర్షన్‌తో వచ్చిన వాక్యూమ్ ఇన్‌టూ గానీ వాడాలి. మేము ఒక రోజు పని పోగొట్టుకున్న తరువాతే ఇది నేర్చుకున్నాము.

మంజీర (దెగ్లూరు)

నేను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. చిత్రాన్ని బేస్64లోకి (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మార్చి టెక్స్ట్ కాలమ్‌లో పెడితే ఈ బైనరీ ఇబ్బందులేవీ ఉండవని ఒక పాఠంలో విన్నాను. అది సరైనదేనా? పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే ఏమి చేయాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

రుషికుల్య (బరంపురం)

మంజీర గారూ, బేస్64లో ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంటే మూడో వంతు అదనం. పైగా మైఎస్‌క్యూఎల్ టెక్స్ట్ కాలమ్‌కు ఉన్నది కూడా అదే 65,535 బైట్ల హద్దు. కాబట్టి 49 వేల బైట్లు దాటిన చిత్రమే అందులో తెగిపోతుంది; మహేంద్రతనయ గారి ఇబ్బంది మీకు ఇంకా ముందుగానే వస్తుంది. బైనరీని బైనరీగానే ఉంచి, ప్రోగ్రాము నుంచి పారామీటరుగా పంపండి.

పోస్ట్‌గ్రెస్‌లో రెండు దారులు ఉన్నాయి. బైట్‌ఏ అనే మామూలు కాలమ్ రకంలో విలువ 1 జీబీ వరకు ఉండవచ్చు. పేజీ 8 కేబీ మాత్రమే కనుక, వరుస సుమారు 2 కేబీ దాటితే టోస్ట్ అనే ఏర్పాటు ఆ విలువను కుదించడానికి ప్రయత్నించి, ముక్కలుగా చేసి పక్క టేబుల్‌లో పెడుతుంది. నాగావళి గారు భయపడిన ఇబ్బందిలో కొంత దీనితో తగ్గుతుంది, ఎందుకంటే పేర్లు, తేదీలు ఉన్న ప్రధాన టేబుల్ చిన్నదిగానే ఉండిపోతుంది. జేపెగ్ ముందే కుదించినది కాబట్టి దాన్ని మళ్లీ కుదించే శ్రమ వృథా. ఆ కాలమ్ స్టోరేజ్‌ను ఎక్స్‌టర్నల్‌గా మార్చుకోవచ్చు. 9.0 వెర్షన్ నుంచి బైట్‌ఏ విలువలు టెక్స్ట్ రూపంలో బయటికి వచ్చేటప్పుడు హెక్స్‌లో, అంటే రెట్టింపు పొడవుతో వస్తాయి, కాబట్టి వందల ఎంబీల ఫైళ్లకు మెమరీ చాలదు.

రెండోది లార్జ్ ఆబ్జెక్ట్. 9.3 నుంచి ఒక్కొక్కటి 4 టీబీ వరకు ఉండవచ్చు, కావలసిన చోటి నుంచి ముక్కలుగా చదవవచ్చు. కానీ మీ వరుసలో ఉండేది దాని సంఖ్య మాత్రమే. వరుస తొలగించినా వస్తువు అలాగే మిగిలిపోతుంది, వాటిని ఏరివేయడానికి వాక్యూమ్‌ఎల్‌ఓ నడపాలి. మీరు చెప్పిన స్థాయి పనికి బైట్‌ఏ చాలు.

వంశధార (గుణుపురం)

మహేంద్రతనయ గారు టిఫ్ ఫైళ్లను ఇకమీదట ఉంచదలిస్తే అవి 26 ఎంబీ కనుక డేటాబేస్‌లోకి రాకూడదు, ఫోల్డర్‌లోనే ఉండాలి. ఆ ఫైళ్లకు పేరు పెట్టే విషయంలో ఒక సూచన. దస్తావేజు పేరును తెలుగులోనో ఒడియాలోనో ఫైలు పేరుగా పెట్టకండి. యూటీఎఫ్-8లో తెలుగు, ఒడియా అక్షరాలు, గుణింతపు గుర్తులు ఒక్కొక్కటి మూడేసి బైట్లు. పర్లాకిమిడి అన్న పేరులోనే గుర్తులతో కలిపి 11 సంకేతాలు ఉన్నాయి, అంటే 33 బైట్లు. లినక్స్‌లోని ఎక్స్‌ట్4లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు కాబట్టి తెలుగులో 85 సంకేతాలకు మించి పట్టవు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ లెక్క వేరు, అక్కడ తెలుగులోనూ 255 పడతాయి. ఒక చోట చక్కగా ఉన్న ఫోల్డర్‌ను ఇంకో చోటికి కాపీ చేస్తే పొడవు పేర్లున్న ఫైళ్లు రాకుండా ఆగిపోతాయి. ఊరు, వ్యక్తి, సర్వే నంబరు అన్నీ పేరులో పెట్టే అలవాటున్న కార్యాలయాల్లో 85 దాటడం పెద్ద సంగతి కాదు.

ఫైలులోని బైట్ల నుంచి లెక్కించిన షా-256 ముద్రనే పేరుగా పెట్టండి. 64 అక్షరాలు, అన్నీ అంకెలు, ఆంగ్ల అక్షరాలు. తెలుగు పేరు డేటాబేస్‌లో ఉంటుంది. ఫైలులో ఒక్క బైటు మారినా పేరు సరిపోదు కనుక, రాత్రిపూట ఒక చిన్న ప్రోగ్రాము ఫైళ్లన్నింటినీ చదివి ముద్రలు సరిచూస్తే పాడైనవి, తప్పిపోయినవి మరునాడే తెలుస్తాయి.

నాగావళి (రాయగడ)

మాస్టారు చెప్పిన ముద్ర పద్ధతికి నా పూర్తి సమ్మతి. 400 కేబీ లోపు జేపెగ్‌లు పదకొండు వేలు, అవీ ఒకసారి చేర్చితే మళ్లీ మారనివి, అంటే మొత్తం కొద్ది జీబీలకు మించదు. మా స్కానింగ్ కేంద్రం పరిస్థితి వేరు, అక్కడ రోజూ వందల పెద్ద ఫైళ్లు వచ్చేవి. కాబట్టి మీ విషయంలో జేపెగ్‌లను డేటాబేస్‌లో ఉంచడాన్ని నేను వ్యతిరేకించను. అయితే వాటిని దస్తావేజుల వివరాలున్న టేబుల్‌లో కాక వేరే టేబుల్‌లో పెట్టండి, డంప్ తీసేటప్పుడు బైనరీని హెక్స్ అక్షరాలుగా రాసే హెక్స్‌బ్లాబ్ ఆప్షన్ మరచిపోకండి. ఒకసారి పంపగల గరిష్ఠ పరిమాణాన్ని నిర్ణయించే మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ విలువను సర్వర్ వైపు, క్లయింట్ వైపు రెండు చోట్లా పెంచండి, 5.7లో సర్వర్‌కు అది ముందుగా 4 ఎంబీ మాత్రమే ఉంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

లాగ్‌లు ఉన్నాయి. రుషికుల్య గారు చెప్పిన క్రమంలోనే, యజమాని ఇంట్లోని వేరే కంప్యూటర్‌లో నడిపించాను. బైనరీ మోడ్ లేకుండా మొదట ప్రయత్నించి ఆగిపోయాను, ఆ ఆప్షన్ పెట్టాక సాగింది. తెగిన 1,412 చిత్రాలలో 506 పూర్తిగా తిరిగి వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి, కింది వరకు చూసి, మొదటి 65,535 బైట్లు టేబుల్‌లోని తెగిన ప్రతితో సరిపోయినప్పుడే మార్చాను. రెప్లికేషన్ ఆపేసిన తరువాత స్కాన్ చేసిన 906 మాత్రం మరే విధంగానూ రావు.

ఏర్పాటు ఇలా మార్చాము. జేపెగ్‌లు డేటాబేస్‌లోనే, వేరే టేబుల్‌లో, మీడియంబ్లాబ్‌గా ఉన్నాయి. యజమాని కోరిన ఒక్క ఫైలు బ్యాకప్‌లో ఇవన్నీ వస్తాయి. పక్కనే ఫైలు పొడవు, షా-256 ముద్ర ఉంటాయి. ఆ రెండూ స్కానర్ ఉన్న కంప్యూటర్‌లోనే లెక్కించి పంపుతాము, చేర్చిన వెంటనే డేటాబేస్‌లోని చిత్రం మీద షా2 ఫంక్షన్‌తో మళ్లీ లెక్కించి పోల్చుతాము, తేడా ఉంటే ట్రాన్సాక్షన్ వెనక్కి పోతుంది. ఈ ఒక్క పోలిక మొదటి నుంచీ ఉండి ఉంటే తెగిన మొదటి చిత్రం దగ్గరే తెలిసిపోయేది. టిఫ్‌లను ఇక తొలగించడం లేదు. కొత్త డిస్కులో ముద్ర పేరుతో ఉంచి, రాత్రి సరిచూపు నడుపుతున్నాము. నెలకొకసారి బ్యాకప్‌ను వేరే యంత్రంలో ఎక్కించి, చిత్రాల ముద్రలన్నీ సరిచూడాలని నిర్ణయించాము. మొదటిసారి చేసినప్పుడు రెండు గంటలు పట్టింది.

906 కుటుంబాల జాబితా తీసి ఫోన్లు మొదలుపెట్టాము. కొందరు ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వెళ్లి స్థిరపడ్డారు, కొందరి ఫోన్ నంబర్లు మారాయి. పదకొండు ఇళ్లలో కాగితం చెదలు తినడమో, పంపకాల్లో ఎవరి దగ్గరికో వెళ్లిపోవడమో జరిగింది. వాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి నకలు తీయించే ఖర్చు మేమే భరిస్తామని యజమాని చెప్పారు. నేను మొదట రాసిన పెద్దాయన మరునాడే తన కాగితాన్ని గుడ్డసంచిలో చుట్టి తెచ్చారు. స్కాన్ చేశాక, జాబితాలోని చిన్న ప్రతి కాకుండా డేటాబేస్ నుంచి తిరిగి తీసిన చిత్రాన్ని ఆయన ముందే తెరిచాను. నాలుగో హద్దు, ఇద్దరు సాక్షుల సంతకాలు, అడుగున ఆయన తండ్రి వేలిముద్ర కనిపించే వరకూ కిందికి జరిపి, ఆయన చూశానని చెప్పాక కాగితం తిరిగి ఇచ్చాను. ఇప్పుడు ప్రతి దస్తావేజుకూ అలాగే చేస్తున్నాము.